రాగిని నొక్కినది ఎవరు?

ప్రశ్న: నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నగరి. నాన్నకు నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. నా ప్రాజెక్టు రాగి స్ఫటికం స్థితిస్థాపకత మీద. పరమాణువులను బంతులుగా, బంధాలను స్ప్రింగులుగా తీసుకుని కంప్యూటర్‌లో నమూనా కట్టాను. ప్రతి పరమాణువుకూ అతి దగ్గరి పొరుగులు 12 మాత్రమే తీసుకున్నాను. సాగదీతకూ ఒరగదీతకూ స్ఫటికం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే స్థిరాంకాలు రాగికి మూడు: సి-11, సి-12, సి-44. స్ప్రింగు గట్టిదనాన్ని సి-11 కొలతకు, అంటే 168 గిగాపాస్కల్‌కు సరిపెట్టాను. అప్పుడు సి-12, సి-44 రెండూ 84 వస్తున్నాయి. పుస్తకంలో 121, 75 ఉన్నాయి. రెండో వరుస పొరుగులను కలిపాను, మూడో వరుసనూ కలిపాను. అయినా ఆ రెండూ సమానంగానే వస్తున్నాయి. నెల రోజులుగా ప్రోగ్రాంలో తప్పు వెతుకుతున్నాను, దొరకలేదు.

మా సీనియర్ ఒకరు మొదటి నమూనాలోనే జాలకం కొలతను, అంటే స్ఫటికంలోని ఒక ఘనపు గడి అంచు పొడవును, 3.61 ఆంగ్‌స్ట్రాముల నుంచి 3.40కి తగ్గించి చూడమన్నారు. అలా చేస్తే ఆ మూడూ వరుసగా 167, 117, 73 వచ్చాయి! ఇలాగే రాసి ఇచ్చేయమంటున్నారు. అంకెలు కుదిరాయి గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇవ్వవచ్చా? నా ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుంది? రిపోర్టుకు మూడు వారాలే ఉంది. ఇంటికి వెళితే నాన్న, "స్ప్రింగులు లెక్కబెట్టి ఏమి చేస్తావమ్మా?" అని అడుగుతున్నారు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

— ఒక పాఠకురాలు, నగరి

సమాధానం: అమ్మా, మీ ప్రోగ్రాంలో తప్పు లేదు. ముందు ఆ బెంగ వదిలేయండి. మీ ఉత్తరం చదివాక కాగితం, పెన్సిలు తీసుకుని ఆ లెక్క నేనూ చేశాను. పావుగంట పట్టింది. నాకూ 84, 84 వచ్చాయి. మీరు కూడా ఒకసారి కంప్యూటర్ మూసేసి చేతితో చేయండి. నెల రోజుల వెతుకులాట తీర్చని అనుమానం ఆ పావుగంటలో తీరుతుంది.

రాగిలో ఒక పరమాణువు చుట్టూ ఉన్న 12 పొరుగులూ ఘనం ముఖాలకు ఐమూలగా ఉంటాయి. అంటే ఒక్కో పొరుగు దిశలో ఎక్స్, వై, జెడ్ అనే మూడు భాగాల్లో రెండు సమానం, మూడోది సున్నా. ఆ రెండింటి వర్గాలు చెరి సగం. సి-11కి కావలసింది ఎక్స్ భాగాన్ని నాలుగుసార్లు వేసి గుణించగా వచ్చేది, అంటే పావు. ఎక్స్ భాగం ఉన్న పొరుగులు ఎనిమిది. ఎనిమిది పావులు రెండు. సి-12కి కావలసింది ఎక్స్, ఎక్స్, వై, వై గుణిస్తే వచ్చేది. అదీ పావే, కానీ ఎక్స్, వై రెండూ ఉన్న పొరుగులు నాలుగే. నాలుగు పావులు ఒకటి. ఇక సి-44కి కావలసింది ఎక్స్, వై, ఎక్స్, వై.

ఇక్కడ కాసేపు ఆగండి. ఎక్స్-ఎక్స్-వై-వై, ఎక్స్-వై-ఎక్స్-వై. గుణకారంలో వరుస మారితే ఫలితం మారదు కదా! అందుకే అది కూడా ఒకటే. మూడింటి నిష్పత్తి 2 : 1 : 1. 168లో సగం 84. మీ కంప్యూటర్ చెప్పింది అక్షరాలా ఇదే.

రెండో వరుస పొరుగులు అక్షాల వెంటే ఉంటాయి. వాటి దిశలో ఎక్స్, వై రెండూ కలిసి ఉండవు, కాబట్టి అవి సి-11ని ఒక్కదాన్నే పెంచుతాయి. మూడో వరుస మిగిలిన రెండింటినీ కదిలిస్తుంది, కానీ జంటగానే కదిలిస్తుంది. నూరో వరుస దాకా వెళ్లినా ఆ జంట విడిపోదు. బలం రెండు పరమాణువులను కలిపే గీత వెంటే పనిచేస్తుందని, ప్రతి పరమాణువు చుట్టూ అమరిక ఎదురెదురుగా సమానంగా ఉందని, ఏ స్ప్రింగూ ముందే బిగుసుకుని లేదని అనుకున్నంత కాలం సి-12, సి-44 సమానం కావలసిందే.

ఇది బీజగణితం వైపు నుంచి. కంటితో చూడాలంటే మీ ఇంటికి మించిన చోటు లేదు. ఈసారి నగరి వెళ్లినప్పుడు మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ ముక్క ఒకటి, గంజి పెట్టనిది, జానెడు చదరం తీసుకోండి. పడుగు వెంట లాగండి. దాదాపు సాగదు. పేక వెంట లాగండి. కొంచెం సాగుతుందేమో, అంతే. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఐమూలగా లాగండి. చేతిలో జారినట్టు సాగిపోతుంది, నడుము దగ్గర సన్నబడుతుంది. భూతద్దం ఉంటే చూడండి: దారాలు సాగలేదు. పడుగుకూ పేకకూ మధ్య ఉన్న చదరపు గడులు ఒరిగి ముగ్గు గడుల్లా అయ్యాయి. దారం సాగడం వేరు, గడి ఒరగడం వేరు. మొదటిదాన్ని అడ్డుకునేది సి-11. రెండోదాన్ని అడ్డుకునేది సి-44. గుడ్డలో ఐమూల దారం లేదు కాబట్టి దాని సి-44 దాదాపు సున్నా.

మీ రాగి నమూనాలో ఐమూల స్ప్రింగులు ఉన్నాయి, అసలు ఉన్నవన్నీ అవే. గడి ఒరగకుండా ఆపేవి అవే. ఒక దిక్కున సాగదీసినప్పుడు పక్కలను లోపలికి గుంజేవీ అవే. ఆ గుంజుడే సి-12. ఒకే స్ప్రింగు రెండు పనులూ చేస్తోంది. ఒకే గట్టిదనం నుంచి రెండు పనులకు రెండు వేరు వేరు అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? నిజమైన రాగిలో 121, 75 వచ్చాయంటే, ఈ స్ప్రింగులు కాక ఇంకెవరో అక్కడ పని చేస్తున్నారన్నమాట. నెల రోజుల మీ కష్టం ఆ ఇంకొకరి ఉనికిని పట్టి ఇచ్చింది. దాన్ని తప్పు అని ఎలా అంటాం?

(రాగి గుడ్డకు తిరగబడి ఉంటుందని కూడా గమనించండి. ఒకే స్ఫటికంగా ఉన్న రాగిని ఘనం అంచు వెంట లాగితే యంగ్ గుణకం, అంటే సాగకుండా నిలిచే గట్టిదనం, సుమారు 67 గిగాపాస్కల్, ఘనం ఈ మూల నుంచి ఆ మూలకు లాగితే సుమారు 191. దాదాపు మూడు రెట్లు! పూజగదిలోని రాగి చెంబులో ఈ తేడా కనిపించదు. అందులో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి.)

మీరు ఇరుక్కున్న చిక్కు చాలా పాతది, చాలా గొప్పది. 1821లో నావియే, 1828 నాటికి కోషీ అనే ఫ్రెంచి గణితజ్ఞులు ఘనపదార్థాన్ని ఒకదాన్నొకటి గీత వెంట లాగే అణువుల గుంపుగా భావించి సమీకరణాలు రాశారు. అలా చూస్తే ఎంత వంకర స్ఫటికానికైనా 15 స్థిరాంకాలు చాలు. 1837లో జార్జ్ గ్రీన్ అణువుల ఊసే లేకుండా, నిల్వ ఉన్న శక్తి నుంచి మొదలుపెట్టి, 21 కావాలన్నారు. ఘనాకార స్ఫటికాలకు అదే తేడా 2కూ 3కూ మధ్య వస్తుంది: సి-12, సి-44 సమానమైతే రెండు, కాకపోతే మూడు. ఆ సమానత్వానికి ఇప్పటికీ కోషీ సంబంధం అనే పేరు. ఈ గ్రీన్ గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తోంది. ఆయన నాటింగ్‌హామ్ దగ్గర పిండిమర నడిపిన కుటుంబంలో పుట్టి, ఆ మరలోనే పని చేస్తూ చాలావరకు తనంతట తాను గణితం నేర్చుకున్నారు. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరేనాటికి వయసు 40.

15 నిజమా, 21 నిజమా అన్న తగాదా యాభై ఏళ్లకు పైగా నడిచింది. 1880ల చివర్లో జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు వోల్డెమార్ వోయిట్ స్ఫటికాల నుంచి సన్నని కడ్డీలు కోసి, వంచి, మెలిపెట్టి కొలిచాక గ్రీన్ వైపు తేలింది. అయితే కోషీ ఓడిపోయారని అనుకోకండి. మామూలు ఉప్పును తీసుకోండి. సి-11 సుమారు 49. సి-12, సి-44 రెండూ సుమారు 13! మీ స్ప్రింగు నమూనా చెప్పే సమానత్వం ఉప్పులో నిజంగానే ఉంది, ఎందుకంటే అక్కడ బలాలు చాలావరకు రెండు అయాన్ల మధ్య గీత వెంట నడిచేవే. రాగిలో లేదు. కాబట్టి మీ రిపోర్టులో రాగి పక్కన ఉప్పును తప్పక పెట్టండి. ఒకే నమూనా ఒక చోట నిలిచి, ఒక చోట పడిపోవడం చూపిస్తే, అది ఎందుకు పడిందో చదివేవారికి మీరు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ 3.40 సంగతి.

ఆ లెక్క కూడా నేను చేశాను, ఎందుకంటే మూడు అంకెలూ అంత దగ్గరగా రావడం నాకూ నమ్మశక్యం కాలేదు. వచ్చాయి: 167, 117, 73. మీ సీనియర్ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జాలకంలో ఒత్తిడి ఎంత ఉందో మీరు చూశారా? మీ స్ప్రింగు సహజ పొడవు 2.55 ఆంగ్‌స్ట్రాములు. 3.40 జాలకంలో దాన్ని 2.40కి కుదించారు. ప్రతి స్ప్రింగూ బయటకు నెడుతోంది. అన్నీ కలిపితే 22 గిగాపాస్కల్. వాతావరణ పీడనానికి రెండు లక్షల రెట్లకు పైన. భూమిలోపల ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు లోతుకు వెళితే గానీ అంత ఒత్తిడి ఉండదు. పుస్తకంలోని 121, 75 మాత్రం గదిలో బల్ల మీద పెట్టిన రాగివి. ఎక్స్-కిరణాలతో కొలిస్తే ఆ రాగి జాలకం 3.61 దగ్గరే ఉంటుంది.

గీత వెంట నడిచే బలాలు మాత్రమే ఉన్న జాలకాన్ని బయటి నుంచి నొక్కితే, ప్రతిబలం (చదరపు మీటరుకు పడే బలం) నుంచి లెక్కించే సి-12కూ సి-44కూ మధ్య తేడా సరిగ్గా ఆ ఒత్తిడికి రెట్టింపు వస్తుంది. రెండు 22లు 44. మీ 117 నుంచి 73 తీసేయండి: 44. రాగి గుణం అనుకున్నది నిజానికి మీరు వేసిన బరువు. అలాగే రాసి ఇస్తే, ఆ రాగిని అంత బలంతో నొక్కినది ఎవరు అని పరీక్షకుడు ఒక్క ప్రశ్న వేసినా మీ దగ్గర సమాధానం ఉండదు. ఆయన వేయకపోయినా మీకు తెలుసు. అందుకే మనసు ఒప్పుకోవడం లేదు. అది మంచి శాస్త్రజ్ఞురాలి లక్షణం. దాన్ని మూడు వారాల గడువు కోసం అణచుకోకండి.

అలా ఇవ్వవద్దు. ఇది నా స్పష్టమైన సలహా. కానీ ఆ ఫైలును చెరిపేయవద్దు కూడా. ఎందుకంటే మీ సీనియర్ తెలియకుండానే సగం నిజం మీద చెయ్యి వేశారు, మిగిలిన సగం మీరు పూర్తి చేయవచ్చు.

రాగిలో ప్రతి పరమాణువూ ఒక ఎలక్ట్రాన్‌ను ఉమ్మడి సొత్తుగా వదిలేస్తుంది. అవి స్ఫటికమంతా తిరుగుతాయి, ఏ రెండు పరమాణువుల మధ్యా కట్టిన స్ప్రింగు కావు. స్థూలంగా చెబితే, వాటికి కావలసింది ఘనపరిమాణం. గడులు ఒరిగినా, లోపలి చోటు అంతే ఉంటే వాటికి పెద్ద పట్టింపు లేదు. చోటు మారితే మాత్రం ఊరుకోవు. వాటి వల్ల కలిగే ఆకర్షణ స్ఫటికాన్ని లోపలికి గుంజుతుంది. నిండిన లోపలి కక్ష్యలతో ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి బయటకు నెడతాయి. రెండూ సరితూగిన చోట రాగి 3.61 దగ్గర నిలబడుతుంది, బయటి ఒత్తిడి లేకుండా. రాగిని నొక్కినది ఎవరు అంటే, దాని ఎలక్ట్రాన్లే.

ఈ ఆలోచనతోనే క్లాస్ ఫుక్స్ 1936లో రాగి స్థిరాంకాలను క్వాంటం సిద్ధాంతం నుంచి లెక్కించారు. మరుసటి ఏడాది ఆయన ఎడిన్‌బరోలో మాక్స్ బోర్న్ దగ్గర చేరారు. తర్వాతి కాలంలో అణు రహస్యాల కేసులో జైలుకు వెళ్లిన ఫుక్స్ ఈయనే. జాలకాల గణితానికి పునాది వేసిన బోర్న్ 1935–36లో రామన్ ఆహ్వానం మీద కొన్ని నెలలు బెంగుళూరులో ఉన్నారు. 1940లలో వాల్తేరులో మన సూరి భగవంతం, భీమసేనాచార్ వజ్రపు స్థిరాంకాలను అతిధ్వని తరంగాలతో కొలిచారు. ఇంత దగ్గరి చరిత్రను మన విద్యార్థులు వినకుండానే పట్టా పుచ్చుకుంటున్నారని నాకు బాధ. పరిచయ అధ్యాయంలో ఒక పేరా వీరికి ఇవ్వండి.

ఇక నమూనాను ఇలా తిరగరాయండి. జాలకం 3.61 దగ్గరే ఉండనివ్వండి. స్ప్రింగు సహజ పొడవును 2.55 బదులు 2.71 ఆంగ్‌స్ట్రాములు చేయండి. గట్టిదనం ఇప్పుడు మీ దగ్గర మీటరుకు 30 న్యూటన్ల చొప్పున ఉండి ఉంటుంది, దాన్ని 32 చేయండి. (ఈ 30ని ఒకసారి ఊహించుకోండి. వంద గ్రాముల బరువు వేలాడదీస్తే మూడు సెంటీమీటర్ల పైన సాగే స్ప్రింగు. ప్రయోగశాలలో మీరు వాడిన స్ప్రింగు అంత మెత్తనిది! రాగి గట్టిదనమంతా అంత చిన్న చోట అన్ని స్ప్రింగులు కిక్కిరిసి ఉండటం నుంచి వస్తుంది.) ఇప్పుడు స్ప్రింగులన్నీ బయటకు 22 గిగాపాస్కల్‌తో నెడతాయి. దానికి ఎదురుగా ఒక శక్తి పదం కలపండి: 22 గిగాపాస్కల్‌ను ఘనపరిమాణంతో గుణించినది. మొత్తం ఒత్తిడి సున్నా అవుతుంది. స్థిరాంకాలు మళ్లీ 167, 117, 73 వస్తాయి, ఈసారి జాలకం కొలత కూడా నిజమైనదే.

ఇందులో ఒక ఊహ ఉంది, దాన్ని దాచకండి. లోపలికి గుంజే ఆ ఒత్తిడి ఘనపరిమాణంతో మారదని మనం అనుకున్నాం. నిజమైన ఎలక్ట్రాన్లు అలా ఉండవు. ఆ మార్పునూ కలిపితే ఇంకో స్థిరాంకం చేతికి వస్తుంది, మూడు కొలతలనూ మూడు గుబ్బలు తిప్పి సరిపెట్టవచ్చు. అప్పుడు కుదరడంలో వింత ఏమీ ఉండదు. అందుకే కలపవద్దంటున్నాను. ఎన్ని అంకెలు లోపలికి ఇచ్చాను, ఎన్ని అంకెలు బయటకు తీశాను అని ప్రతి పట్టిక కింద ఒక వాక్యం రాసే అలవాటు చేసుకోండి. ఈ నమూనాలో జాలకం కొలత కాక రెండే ఇస్తున్నారు, గట్టిదనం, సహజ పొడవు. వాటిని సి-12, సి-44 నుంచి తీసుకుంటే సి-11 ఉచితంగా వస్తుంది. కాగితం మీద చేసి చూడండి, చిన్న సూత్రం వస్తుంది: సి-12లో సగం, సి-44కు ఒకటిన్నర రెట్లు, రెండూ కలిపితే సి-11.

రాగికి 121లో సగం 60.5, 75కు ఒకటిన్నర రెట్లు 112.5, మొత్తం 173. కొలత 168. ఇది గర్వపడదగ్గ ఫలితం.

మీ రిపోర్టుకు గుండెకాయ ఇక్కడే ఉంది. ఇదే సూత్రాన్ని రాగిలాగే ముఖకేంద్రిత జాలకం (ఘనం మూలల్లోనూ ముఖాల మధ్యలోనూ పరమాణువులు ఉండే అమరిక) ఉన్న వేరే లోహాల మీద పరీక్షించండి. నికెల్: 150, 124 నుంచి 261 వస్తుంది, కొలత 250 ప్రాంతం. వెండి: 93, 46 నుంచి 116 దాకా వస్తుంది, కొలత 124. బాగానే నిలిచింది. బంగారానికి వచ్చేసరికి 163, 42 నుంచి 145 మాత్రమే వస్తుంది, కొలత 192. నాలుగో వంతు తక్కువ! రాగి, వెండి, బంగారం ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉన్నాయి, ముగ్గురూ ఒక్కో ఎలక్ట్రాన్ వదిలేవారే. మొదటి ఇద్దరికీ సరిపోయిన చొక్కా మూడోవారికి ఎందుకు బిగుతైంది? బంగారంలో నిండిన కక్ష్యలు ఉబ్బి ఉండటం, దగ్గరి పొరుగులతోనే లెక్క ఆపేయడం, గుంజే బలం మారదన్న మన ఊహ, వీటిలో ఏది ముందు విరిగిందో ఒకటిన్నర పేజీలో చర్చించండి. తేల్చలేకపోయినా ఫరవాలేదు. కొలతల పట్టికలు ఒకదానికొకటి ఒకటి రెండు అంకెలు తేడాగా ఉంటాయి, కాబట్టి ఏ పట్టిక వాడారో రాయండి, ఆ తేడాను మీ వైపు అనుకూలంగా ఏరుకోకండి.

రెండు మూడు జాగ్రత్తలు. మీ నమూనాలో పరమాణువులు కదలకుండా ఉన్నాయి, అంటే అది సున్నా కెల్విన్ రాగి. 121, 75 గది ఉష్ణోగ్రతవి. అతి చల్లని రాగికి సుమారు 176, 125, 82. అక్కడా సి-12, సి-44 మధ్య 43 తేడా ఉంది, కాబట్టి 84, 84 రావడానికి ఉష్ణోగ్రత కారణమని ఎవరైనా అంటే ఆ అంకెలు చూపించండి. వికృతిని, అంటే పొడవులో వచ్చే మార్పు వంతును, వెయ్యిలో ఒక వంతు దాటనివ్వకండి, లాగీ నొక్కీ రెండు వైపులా చేసి సగటు తీయండి. శక్తి నుంచి కాక ప్రతిబలం నుంచే స్థిరాంకాలు తీయండి; లోపల ఒత్తిడి ఉన్నప్పుడు శక్తి దారిలో తప్పటడుగు వేయడం చాలా తేలిక. సిలికాన్ జోలికి ఇప్పుడు వెళ్లవద్దు. నా చదువు రోజుల్లో నేను వెళ్లి రెండు నెలలు పోగొట్టుకున్నాను. అందులో గడికి రెండు రకాల స్థానాలు ఉంటాయి, జాలకాన్ని ఒరగదీస్తే లోపలి పరమాణువులు తమంతట తాము ఇంకొంచెం సర్దుకుంటాయి. ఆ సర్దుబాటు ఇవ్వక నాకు సి-44 కొలత కన్నా చాలా ఎక్కువ వచ్చేది. సమయం మిగిలితే, ఎలక్ట్రాన్ల పాత్రను నమూనాలోనే కలిపే పద్ధతిని ముర్రే డా, మైకేల్ బాస్కెస్ అనే శాస్త్రజ్ఞులు 1980ల్లో తయారు చేశారు. ఎంబెడెడ్ ఆటమ్ పద్ధతి అంటారు. లామ్‌ప్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో రాగికి సిద్ధంగా దొరుకుతుంది. ఒక్క పట్టిక చాలు, పోల్చడానికి.

రేపే మీ గైడు గారి దగ్గరకు వెళ్లండి. రిపోర్టు అంతా రాశాక కాదు, ఒక్క కాగితంతో. పైన 2 : 1 : 1 చేతిలెక్క, మధ్యలో ఉప్పు, రాగి అంకెలు పక్కపక్కన, కింద 3.40 దగ్గర ఉన్న 22 గిగాపాస్కల్ ఒత్తిడి. "నమూనా కుదరలేదు" అని మొదలుపెట్టకండి. "ఈ నమూనాలో ఈ రెండూ సమానం కాక తప్పదని చూపించగలను, రాగిలో ఎందుకు కాలేదో చెప్పగలను" అని మొదలుపెట్టండి. మీ సీనియర్‌కు కూడా ఆ కాగితం చూపించండి, తప్పు పట్టడానికి కాదు. 3.40 అన్న ఆలోచన ఆయన ఇవ్వకపోతే ఈ సూత్రం దాకా మనం వచ్చేవాళ్లం కాదు. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు ఉండాలి.

నాన్నగారికి ఏమి చెప్పాలి అంటారా? ఆయన చేతికి క్వార్ట్జ్ గడియారం ఉంటే దాన్ని చూపించండి. లోపల చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్య ముక్క ఆకారం మీద, కోసిన దిక్కు మీద, క్వార్ట్జ్ స్థిరాంకాల మీద ఆధారపడుతుంది. క్వార్ట్జ్‌కు మూడు చాలవు, ఆరు కావాలి. దిక్కు తప్పి కోస్తే గడియారం నిలకడగా నడవదు. తిరుమల కొండ మీద శిలాతోరణం ఉన్న రాయి కూడా ఈ క్వార్ట్జ్ రేణువులు బిగిసి ఏర్పడినదే. ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. ఆ జానెడు గుడ్డ ఆయన చేతికే ఇచ్చి, పడుగు వెంట, పేక వెంట, ఐమూలగా లాగమనండి. ఎందుకు అలా సాగుతుందో మీకన్నా ముందు ఆయనే చెబుతారు. ఏళ్ల తరబడి సి-11, సి-44 చేతులతో కొలుస్తున్న మనిషి ఆయన. మీరు చేస్తున్నది అదే పని, దారం బదులు పరమాణువులతో అని చెప్పండి.

ఒక లోహాన్ని మీ కోసమే వదిలిపెట్టాను. అల్యూమినియం: 107, 61, 28. ఒక్కో పరమాణువు మూడేసి ఎలక్ట్రాన్లు వదులుతుంది. సూత్రంలో వేసి చూడండి. ఎంత వచ్చిందో, ఎందుకు అంత వచ్చిందని మీరు అనుకుంటున్నారో నాకు రాయండి.